గీజర్ ఒక్కటి ఆగితే చాలు, ఇల్లంతా చీకటి అవ్వక్కర్లేదు

నమస్కారం అండీ. గీజర్ 2000 వాట్లు, ఇండక్షన్ స్టవ్ 2000, ఏసీ 1500, ఇస్త్రీపెట్టె 1000. నాలుగూ ఒకేసారి నడుస్తున్నాయి. పది నిమిషాలు బాగానే ఉంది. ఆ తర్వాత టప్‌మని మెయిన్ పడిపోయింది. ఇక చీకట్లో గోడ తడుముకుంటూ బోర్డు దగ్గరికి వెళ్లాలి.

మెయిన్ ఆ పది నిమిషాలు పడకుండా ఎందుకు ఆగిందో చూద్దాం. 230 వోల్టుల దగ్గర 6500 వాట్లంటే సుమారు 28 ఆంపియర్లు. మెయిన్ ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్, ఏమో 20 ఆంపియర్లది. దాని లోపల రెండు లోహాలు అతికించిన ఒక సన్నని పట్టీ ఉంటుంది. లోడ్ కొంచెం ఎక్కువైతే అది మెల్లగా వేడెక్కి, వంగి, అప్పుడు పడగొడుతుంది. ఆ పట్టీ వంగేలోపే ఏదో ఒక పెద్ద లోడ్‌ని తనంతట తానే ఆపేసి, మెయిన్ పడకుండా చూస్తుంది ఆటోమేటిక్ లోడ్ షెడ్డింగ్ పరికరం.

లోడ్ షెడ్డింగ్ అనగానే కరెంటు కోత గుర్తొస్తుంది కదా. అది ఊరంతటికీ పైవాళ్లు పెట్టేది. ఇది మన ఇంట్లో, మనం చెప్పిన వరసలో జరిగేది.

మెయిన్ వైరు చుట్టూ ఉంగరంలా ఒక కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ తొడుగుతారు. వైరు కోయక్కర్లేదు. చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని బట్టి ఎంత కరెంటు పోతోందో దానికి తెలిసిపోతుంది. మనం పెట్టిన 20 ఆంపియర్లు దాటగానే గీజర్ లైన్‌లోని కాంటాక్టర్ (కరెంటుతో పనిచేసే స్విచ్) 'టక్' అంటుంది, గీజర్ ఆగుతుంది. ఒక్క దెబ్బకి దాదాపు 9 ఆంపియర్లు తగ్గి, 28 కాస్తా 20 లోపుకి వస్తుంది. మిగతావన్నీ నడుస్తూనే ఉంటాయి.

గీజరే ఎందుకంటే, ట్యాంకులో నీళ్లు పావుగంట ఆగినా పెద్దగా చల్లారవు. ఏసీ అలా కాదు. కంప్రెసర్‌ని ఆపిన వెంటనే మళ్లీ ఆన్ చేస్తే మోటారు మీద భారం పడుతుంది, కనీసం 3 నిమిషాలు గ్యాప్ కావాలి. అందుకే ఏసీని వరసలో చివర పెట్టమంటాను.

తిరిగి కలిపేటప్పుడు కూడా జాగ్రత్త. లోడ్ 20 లోపుకి రాగానే గీజర్‌ని కలిపేస్తే మళ్లీ 28 అవుతుంది, మళ్లీ తెగుతుంది. అలా టకటకా కొట్టుకుంటే కాంటాక్టులు కాలిపోతాయి. లోడ్ 11కి దిగాక (అప్పుడు గీజర్ 9 కలిసినా 20 దాటదు), ఇంకో ఐదు నిమిషాలు ఆగి కలిపేలా సెట్ చేయించండి. ఈ సెట్టింగ్ లేని పరికరం కొనకండి.

దీనివల్ల యూనిట్లు తగ్గుతాయని మాత్రం ఆశపడకండి. గీజర్ ఆ నీళ్లని తర్వాతైనా కాచాల్సిందే. తగ్గేది ఒకేసారి పడే లోడ్. కనెక్షన్ సామర్థ్యం పెంచుకోవాల్సిన అవసరం చాలా ఇళ్లల్లో తప్పుతుంది. అలాగని ఎంసీబీ తీసేయకూడదు, షార్ట్ సర్క్యూట్ అయితే కాపాడేది అదే.

ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న పెద్దవాళ్లుంటే, మెయిన్ పడితే అదీ ఆగిపోతుంది. ఆ లైన్‌ని ఈ పరికరం తెంపే జాబితాలో ఎట్టి పరిస్థితుల్లోనూ చేర్చకండి. ఎలక్ట్రీషియన్‌కి పని అప్పగించే ముందు, మొట్టమొదట ఆ మాటే చెప్పండి.