కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష: శాంపిల్ తీయడం, రిపోర్ట్ చదవడం

నమస్కారం. పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లకు డాక్టర్లు తరచూ రాసే మల పరీక్ష కాల్‌ప్రొటెక్టిన్. దీనికి శాంపిల్ ఎలా తీయాలో, రిపోర్ట్‌లో వచ్చిన అంకెను ఎలా చదవాలో ఈ వీడియోలో చూద్దాం.

ముందు కాల్‌ప్రొటెక్టిన్ అనే ఈ ప్రోటీన్ మలంలోకి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియాలి. అది తెలిస్తే జాగ్రత్తలు ఎందుకో కూడా అర్థమవుతుంది. స్క్రీన్ మీద పేగు గోడ బొమ్మ చూడండి. లోపలి పొర దెబ్బతిన్న చోట రోగనిరోధక కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-23 లాంటి ప్రోటీన్లను వదులుతాయి. ఇవి కబురు మోసే ప్రోటీన్లు. ఆ కబురు అంది, రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పేగు గోడ దాటి లోపలికి దిగుతాయి. ఈ తెల్లకణాల లోపలి ద్రవంలో ఉండే ప్రోటీన్‌లో దాదాపు సగం కాల్‌ప్రొటెక్టినే. బ్యాక్టీరియాకు కావలసిన జింకు, మాంగనీసు తానే పట్టేసుకుని వాటిని పస్తు పెట్టడం దీని పని. కాల్షియం అంటుకుని ఉన్నప్పుడు దీన్ని ఎంజైములు సులువుగా అరిగించలేవు. అందుకే మలంలో కూడా చెక్కుచెదరకుండా దొరుకుతుంది.

మరి ఒంట్లో వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను రక్తంలో చూస్తే సరిపోదా? సీఆర్‌పీ కాలేయంలో తయారవుతుంది. పేగులో పుండ్లు ఉన్నా, ముఖ్యంగా అల్సరేటివ్ కొలైటిస్‌లో, అది మామూలుగానే ఉండిపోవచ్చు. కాల్‌ప్రొటెక్టిన్ నేరుగా పేగులోంచే వస్తుంది కాబట్టి అక్కడి సంగతి అదే బాగా చెబుతుంది.

ఇప్పుడు శాంపిల్. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు ఈమధ్య వేసుకుని ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి. ఇవి పేగు పొరను దెబ్బతీసి అంకెను పెంచేస్తాయి. గుండె కోసం రాసిచ్చిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపొద్దు. కొలొనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) కూడా ఉంటే, పేగు శుభ్రం చేసే మందు తాగకముందే శాంపిల్ తీసేయండి.

వీలైతే ఉదయం మొదటి మోషన్ తీసుకోండి. మోషన్‌కీ మోషన్‌కీ మధ్య వ్యవధి మారితే అంకె కూడా మారుతుంది, కాబట్టి ప్రతిసారీ అదే వేళ పాటించడం మేలు. ముందు మూత్రం పోసేయండి. తర్వాత శుభ్రమైన పొడి డబ్బాలో గానీ, సీటు మీద పరిచిన ప్లాస్టిక్ కవర్‌లో గానీ మోషన్ పట్టండి. కమోడ్ నీళ్లు అందులో కలవకూడదు. కిట్‌లోని పుల్లతో రెండు మూడు చోట్ల నుంచి, మొత్తం ఒక చిన్న చెంచాడు తీస్తే చాలు. ల్యాబ్‌లో దానిలోంచి వాడేది సుమారు 100 మిల్లీగ్రాములే. అందుకే జిగురో రక్తమో ఉన్న చోటనే ఏరి తీస్తే ఫలితం పక్కకు పోతుంది. పేరు, తేదీ, సమయం రాసి అదే రోజు ఇవ్వండి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి. బయట మూడు రోజులు దాటితే ప్రోటీన్ తరిగి, అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపొచ్చు.

రిపోర్ట్ గ్రాముకు మైక్రోగ్రాముల్లో వస్తుంది. 50 లోపు మామూలు. 250 దాటితే వాపు చురుగ్గా ఉందని అనుమానించాలి. ఈ రెండింటి మధ్య పడితే కంగారు వద్దు, సాధారణంగా కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తారు. ల్యాబ్‌ను బట్టి హద్దులు కొంచెం మారతాయి. నాలుగేళ్లలోపు పిల్లల్లో ఆరోగ్యంగా ఉన్నా ఎక్కువే ఉంటుంది, వాళ్లకు పెద్దల హద్దులు పనికిరావు.

జబ్బు ఉందని ఇప్పటికే తేలినవాళ్లకు ఒక్క అంకె కన్నా వరస ముఖ్యం. మందు మొదలుపెట్టాక 900 నుంచి 300కి దిగితే అది మంచి కబురే. కాకపోతే రెండూ ఒకే ల్యాబ్‌లో, ఒకే కిట్‌తో చేసినవై ఉండాలి. కిట్ మారితే అంకెలు పోల్చడానికి రావు. ఇంకో చిక్కు కూడా ఉంది. కిట్ కొలవగలిగిన గరిష్ఠం దాటితే రిపోర్ట్‌లో "అంతకంటే ఎక్కువ" అని మాత్రమే వస్తుంది. రెండుసార్లూ అలాగే వస్తే తగ్గిందో పెరిగిందో తెలియదు. శాంపిల్‌ను పలచన చేసి మళ్లీ కొలవగలరేమో ల్యాబ్‌ను అడగండి.

పేగు ఇన్ఫెక్షన్, పెద్దపేగు క్యాన్సర్ ఉన్నా ఈ ప్రోటీన్ పెరుగుతుంది. చిన్నపేగుకే పరిమితమైన క్రోన్స్‌లో తక్కువగా కనిపించొచ్చు. కాబట్టి అంకె బాగున్నా రక్తం ఎక్కువగా పోతుంటే, జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే, తర్వాతి పరీక్ష కోసం ఆగకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.