పాడుపడిన ఊరు కాదు, పాడుపెట్టిన ఊరు

సభకు నమస్కారం.

తెలుగులో రెండు మాటలున్నాయి. పాడుపడటం, పాడుపెట్టడం. మనుషులు తమంతట తాము వదిలిపోతే ఇల్లు పాడుపడుతుంది. ఇంటివాళ్లు బతికి ఉండగానే గుమ్మం తొక్కనివ్వకపోతే, అది పాడుపెట్టడం. ఇవాళ నేను చెప్పబోయే ఊరిని లోకమంతా దెయ్యాల నగరం అంటుంది. ఆ పేరు నాకు నచ్చదు. అక్కడివాళ్లు దెయ్యాలు కాలేదు. వాళ్లలో చాలామంది అదే ద్వీపంలో, తమ ఊరికి గంటా రెండు గంటల ప్రయాణ దూరంలో బతికారు, ఇంకా బతుకుతున్నారు.

ఆ ఊరు వరోషా. మధ్యధరా సముద్రం తూర్పు కొసన ఉన్న సైప్రస్ ద్వీపంలో, ఫామగుస్తా కోటను ఆనుకుని ఉంటుంది. 1571లో ఒట్టోమన్ సేనలు వెనిస్ వాళ్ల చేతుల్లోంచి ఆ కోటను గెలుచుకున్నాక, గ్రీకు క్రైస్తవులను గోడల బయటికి పంపేశాయి. వాళ్లు దక్షిణాన ఇళ్లు కట్టుకున్నారు. వరోష్ అంటే తుర్కీ భాషలో కోట బయటి పేట. అంటే ఆ ఊరు పుట్టిందే ఒక వెళ్లగొట్టడంలోంచి.

నారింజ తోటల పేట అది. ఏటా నారింజ పండగ జరిగేది. 1960లో బ్రిటిష్ వాళ్లు వెళ్లాక, పదేళ్లలోనే సముద్రపు ఒడ్డున హోటళ్లు వరసగా లేచాయి. సినిమా తారలు ఎలిజబెత్ టేలర్ వచ్చింది, బ్రిజిట్ బార్డో వచ్చింది అని ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. వచ్చారు, వెళ్లారు. 1974లో అక్కడ సుమారు 39 వేల మంది ఉండేవారు. వాళ్లవి దుకాణాలు, బడులు, చర్చిలు, బ్యాంకు ఖాతాలు, పెళ్లి ముహూర్తాలు.

కథను 1974తో మొదలుపెడితే అన్యాయం. 1963 డిసెంబరులో గ్రీకు, టర్కిష్ సైప్రియట్ల (సైప్రస్ వాసుల) మధ్య రక్తపాతం జరిగింది. సంఖ్యలో తక్కువైన టర్కిష్ సైప్రియట్లు వేలాదిగా ఊళ్లొదిలి, చిన్న చిన్న ముక్కల్లో గుమిగూడి పదేళ్లకు పైగా ముట్టడిలో ఉన్నట్టే బతికారు. 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి శాంతిసేన వచ్చింది. దాని మొదటి సేనాపతి మనదేశపు జనరల్ జ్ఞానీ. తర్వాత వచ్చిన జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో ఆ ద్వీపంలోనే, విధుల్లో ఉండగా కన్నుమూశారు. సైప్రస్ ఆయన పేరిట తపాలా బిళ్ల వేసింది.

1974 జులై 15న, గ్రీసులోని సైనిక పాలకుల అండతో సైప్రస్ అధ్యక్షుడు మకారియోస్‌ను కూలదోశారు. ద్వీపాన్ని గ్రీసులో కలపాలన్నది ఆ కుట్రదారుల కోరిక. అయిదు రోజులకు, జులై 20న, టర్కీ సైన్యం ఉత్తర తీరాన దిగింది. చర్చలు జరిగాయి, విఫలమయ్యాయి. ఆగస్టు 14న రెండో విడత దాడి మొదలైంది. వరోషా మీద బాంబులు పడ్డాయి. జనం కార్లలో, ట్రాక్టర్లలో, కాలినడకన దక్షిణానికి, బ్రిటిష్ స్థావరమున్న డెకేలియా వైపు పోయారు. ఇంటికి తాళం వేసి వెళ్లారు. ఈ తాళం సంగతి గుర్తుపెట్టుకోండి. ఊరు వదిలేసేవాడు తాళం వేయడు. రెండు మూడు రోజుల్లో తిరిగొచ్చేవాడే వేస్తాడు.

అదే ఆగస్టు 14న ఫామగుస్తా దగ్గరి మరాఠా, సాంతలారిస్, అలోదా ఊళ్లలో గ్రీకు సైప్రియట్ ముష్కరులు 126 మంది టర్కిష్ సైప్రియట్లను చంపి గోతుల్లో పూడ్చారు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. వరోషా కోసం కన్నీళ్లు పెట్టేవాళ్లు ఈ మూడు పేర్లు కూడా పలకాలని నా అభిప్రాయం.

ఇక తాకట్టు సంగతి. టర్కీ ఆక్రమించిన మిగతా ఊళ్లలో కొత్తవాళ్లను కాపురం పెట్టారు. వరోషాలో హోటళ్లున్న భాగాన్ని మాత్రం టర్కీ సైన్యం ముళ్లకంచె వేసి మూసింది. బేరంలో పనికొస్తుందని. మీరు మాకు ఇది ఇస్తే మేం మీకు వరోషా ఇస్తాం అన్నమాట. కానీ తాకట్టు పెట్టడానికి ఊరేమన్నా బంగారమా? బంగారం బీరువాలో యాభై ఏళ్లున్నా తరగదు. ఊరికి మనిషి చెయ్యి పడకపోతే ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగుతుంది, లోపలి ఇనుపచువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి పెచ్చులను బయటికి నెడుతుంది. నడివీధిలో నాగజెముడు మొలుస్తుంది. 1977లో అక్కడికి వెళ్లిన ఒక స్వీడన్ విలేకరి, ఆరేసిన బట్టలు తీగలమీదే ఉన్నాయనీ టిఫిన్ బల్లలు సర్దినవి సర్దినట్టే ఉన్నాయనీ రాశాడు. తర్వాత అవీ మిగల్లేదు, ఇళ్లను దోచేశారు. చాలా ఏళ్లు మనిషి అలికిడి లేని ఆ ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టాయి.

బేరం తెగలేదు. 1979లో ఇరుపక్షాల నాయకులు వరోషా పునరావాసానికి తొలి ప్రాధాన్యం ఇస్తామని రాసుకున్నారు. 1984లో భద్రతామండలి 550వ తీర్మానంలో, అక్కడ అసలు వాసులు తప్ప ఇతరులు స్థిరపడటం ఒప్పుకోమని, ఆ ప్రాంతాన్ని సమితికి అప్పగించమని చెప్పింది. 2004 ఏప్రిల్‌లో ఒప్పందం అన్నింటికన్నా దగ్గరికొచ్చింది. విడిపోయిన ద్వీపాన్ని కలపడానికి సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ తయారుచేసిన ప్రణాళికలో, తిరిగిచ్చే ప్రాంతాల ముందు వరసలో వరోషా ఉంది. దానిమీద ఓటింగు పెట్టారు. టర్కిష్ సైప్రియట్లలో 65 శాతం అవునన్నారు. గ్రీకు సైప్రియట్లలో 76 శాతం కాదన్నారు. టర్కీ సైన్యం పూర్తిగా వెళ్లదన్న భయం, మిగతా నిర్వాసితుల ఆస్తుల మీద పెట్టిన పరిమితులు వాళ్లను ఆపాయి. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఆ రోజు జారిపోయినంత దగ్గరగా వరోషా మళ్లీ రాలేదు.

2020 అక్టోబరు 8న టర్కిష్ సైప్రియట్ అధికారులు సముద్రతీరాన్ని, ఒక ప్రధాన వీధిని సందర్శకులకు తెరిచారు. సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. కూలుతున్న మేడల ముందు పర్యాటకులు ఫొటోలు దిగుతారు. ఆ గుంపులో అసలు వాసులు కూడా ఉంటారు. వాళ్లు తమ వీధిలో నడవచ్చు, తమ ఇంటి ముందు నిలబడవచ్చు, కట్టిన తాడు దాటి లోపలికి పోకూడదు. 46 ఏళ్లు దూరంగా ఉండటం కన్నా ఇది ఎక్కువ బాధ అని నాకనిపిస్తుంది. 2021 జులైలో, మూసిన ప్రాంతంలో మూడున్నర శాతాన్ని సైన్యం చేతుల్లోంచి తీసి పునరావాసానికి ఇస్తామని ప్రకటించారు. భద్రతామండలి ఖండించింది.

దక్షిణాన, గ్రీకు సైప్రియట్ల వైపు, ఫామగుస్తా పురపాలక సంఘం ఇంకా ఉంది. ప్రవాసంలో ఉంది. 1974లో పారిపోయినవాళ్లు, వాళ్ల తర్వాత పుట్టి ఆ వీధుల్లో ఒక్కరోజూ బతకనివాళ్లు ఓట్లేసి మేయరును ఎన్నుకుంటారు. ఆ మేయరుకు తన ఊళ్లో ఒక్క వీధిదీపం వేయించే అధికారం లేదు. ఎన్నికలు మాత్రం ఆగలేదు.