సావు ఇంట్ల పనులు ఎవరు చూస్కోవాలె

శ్రోతలందరికి నమస్తే. ఇయ్యాల మాట్లాడేది శుభం మాట కాదు, కొంతమంది సౌండ్ తగ్గిస్తరేమో గూడ. కానీ ఏ ఇంటికైనా ఎప్పుడో ఒకప్పుడు తప్పని పని ఇది, మనిషి పోయినంక ఆ ఇంట్ల పనులు ఎట్ల నడవాలె అనేది.

మన నల్లగొండ, పాలమూరు ఊర్లల్ల ఒక మంచి అలవాటున్నది, మొదటిరోజు పని ఇంటోళ్ల మీద పడనియ్యరు. కబురు తెల్వంగనే వాడకట్టోళ్లు వస్తరు, ఒకరు వెదురు బొంగులు కొట్టుకొస్తరు, రెండు పొడుగు బొంగులకు అడ్డకట్టెలు వేసి తాడుతోని బిగించి మీద వరిగడ్డి పరిచి పాడె కడ్తరు, ఆడోళ్లు స్నానానికి నీళ్లు కాగబెడ్తరు, పక్కింటోళ్లు సుట్టాలకు చాయ్ పెడ్తరు. దీనికి పెద్ద ఖర్చేం గాదు. డప్పు కొట్టేటోళ్ల పైసలు మాత్రం ముందే మాట్లాడి చేతుల పెట్టుండ్రి, అది వాళ్ల బాధ్యత అన్నట్టు ఎంతో కొంత ఇచ్చి పంపే రోజులు పోయినయి, పోవాలె గూడ.

ఇగ నేను ప్రతి ఇంట్ల చెప్పేది ఒకటే, పైసలు, ఫోను, ఒక నోట్‌బుక్కు ఒక్క మనిషి చేతుల పెట్టుండ్రి. కొడుకుల చేతుల గాదు, అల్లుడో, బామ్మర్దో, మేనల్లుడో, దుఃఖంల ఉన్నా లెక్క తప్పనోడు ఒకడు. ఎందుకంటే టెంటాయన ఒకర్ని అడుగుతడు, పూలాయన ఇంకొకర్ని అడుగుతడు, అందరు ఊ అంటరు. మా సుట్టాలింట్ల ఒకసారి పెద్ద మామ నల్లగొండ నుంచి ఫ్రీజర్ బాక్స్ చెప్పిండు, చిన్న మామ మిర్యాలగూడ నుంచి చెప్పిండు, రెండు ఒక్కపారే వచ్చి గల్లీల నిలబడ్డయి, రెండిటికి కిరాయి కట్టిండ్రు, ఆ ఇంట్ల ఇప్పటికీ ఆ ముచ్చట తీస్తె ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వదు.

ఫ్రీజర్ బాక్స్ ఎందుకంటే మనోళ్లు ఊర్ల ఉండేది తక్కువ. పాలమూరోళ్లు బొంబాయి, పుణెల ఉంటరు, కొంతమంది దుబాయ్‌ల ఉంటరు. వచ్చేదాంక ఆగాలె, నిజమే, కానీ ఎవరికోసం ఎప్పటిదాంక ఆగుడో ఆ నోట్‌బుక్కు పట్టుకున్నాయన ఒక్కపారి చెప్పేసి దాని మీద నిలబడాలె, లేకపోతే ఇంకొక గంట ఇంకొక గంట అనుకుంట పొద్దుగూకుతది. బాక్స్‌ల పెట్టకముందే ఒంటి మీది బంగారం తీసి లెక్క రాస్కోండ్రి, కరెంటు పోతే ఏం చెయ్యాల్నో బాక్స్ తెచ్చినోన్ని అడుగుండ్రి. ముస్లిం ఇండ్లల్ల ఈ బాధ తక్కువ, జనాజా లేటు చెయ్యరు, ఎంత తొందరైతే అంత తొందరగ ఖబ్రస్తాన్‌కు తీస్కపోతరు.

ఒక మాట గుర్తుపెట్టుకోండ్రి, యాక్సిడెంటయినా, పాము కరిసినా, కరెంటు షాక్ తగిలినా, పురుగుల మందు తాగినా పోలీసులకు చెప్పకుండ దహనం చేయొద్దు. పోస్టుమార్టం అంటే కోస్తరని భయపడి, పరువు పోతదని భయపడి మస్తుమంది దాచిపెడ్తరు, తర్వాత ఇన్సూరెన్సోళ్లు ఎఫ్ఐఆర్ ఏది, రిపోర్టు ఏది అని అడిగితే చేతుల ఏం ఉండదు. ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే బ్యాంకు సురక్షా బీమా ఉంటది చూడుండ్రి, దాంట్ల ప్రమాదంల పోతే 2 లక్షలొస్తయి, అది రావాలంటే ఈ కాగితాలే కావాలె.

కండ్లు దానం చెయ్యాలనుకుంటే 6 గంటల లోపల తీసుకోవాలె. ఐ బ్యాంకుకు ఫోన్ కొట్టి, కండ్లు మూసి, మీద తడి దూది పెట్టి, పైన ఫ్యాన్ బంద్ చెయ్యుండ్రి. అద్దాలు పెట్టుకున్నోళ్లయి, శుక్లాల ఆపరేషనైనోళ్లయి గూడ పనికొస్తయి.

దహనమా, బొందల పెట్టుడా అనేది ఇంటి ఆచారం, జంగపోళ్లు కూసోబెట్టి సమాధి చేస్తరు, క్రైస్తవులు పెట్టెల పెట్టి సమాధుల తోటకు తీస్కపోతరు, దాని మీద నేను మాట్లాడ. పల్లె ప్రగతి పెట్టినంక, 2019 నుంచి, ఊరూరికి వైకుంఠధామాలు, అంటే శ్మశానవాటికలు, కట్టిండ్రు గదా, పాడె లేవకముందే ఎవరన్న ఒకరు పోయి నీళ్లొస్తున్నయా, బోరు మోటరు నడుస్తుందా చూసి రావాలె, ఆడ నిలబడి మోటరాయన్ని ఎతుక్కునుడు మంచిగుండదు. దింపుడు కల్లం కాడ కొడుకు చెవుల మూడుసార్లు పిలిచినంక పాడె లేస్తది, ఇగ మళ్ల యాడ ఆగొద్దు.

మూడొద్దుల నాడు బూడిదెత్తి కొందరు వాడపల్లి పోతరు, మూసి కృష్ణల కలిసేకాడికి, పాలమూరు దిక్కోళ్లు బీచుపల్లి, సోమశిల పోతరు. పిట్టకు పెట్టేనాడు పోయినాయనకు ఇష్టమైనయన్ని విస్తర్ల పెడ్తరు, బీడీ కట్ట, కల్లు సీస గూడ, కాకి ముట్టేదాంక అందరు ఎండల నిలబడి సూస్తనే ఉంటరు, ఆయనకు ఏం తక్కువైందో అని గుసగుసలు గూడ నడుస్తయి.

ఇదంతా మాట్లాడినంక అసలు సంగతికొస్త. మన దిక్కు అప్పు అయ్యేది మొదటిరోజు గాదు, పదకొండో రోజు, దినాల నాడు. మేకలు, మందు, వందలమందికి బోజనాలు, బామ్మర్దులకు బట్టలు, తక్కువ చేస్తే ఊర్ల మాటొస్తదని కొడుకు మిత్తికి తెస్తడు. దవాఖాన అప్పే ఇంకా తీరి ఉండదు. నా మాటంటే దండలు, శాలువాలు తెచ్చుడు బంద్ చేసి ఆ పైసలే ఆ నోట్‌బుక్కు పట్టుకున్నాయన చేతుల పెట్టుండ్రి, ఎవరెవరు ఎంతిచ్చిండ్రో రాసుకుంటరు, రేపు మీ ఇంట్ల అవసరమైతే వాళ్లు తిరిగి పెడ్తరు. శాలువాలు బొందల కలిసిపోయేటియే గదా.

పదకొండు రోజులల్ల ఎవరికీ యాదికి రానిది డెత్ సర్టిఫికెట్. చావు నమోదు 21 రోజుల లోపల చేయించాలె, అప్పుడైతే ఫీజు లేదు, ఆ తర్వాత లేటు ఫీజులు, పర్మిషన్లు, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ దాంక పోతది. ఇంట్ల పోతే పంచాయతీ సెక్రటరీ దగ్గర, పట్నంల అయితే మున్సిపాలిటీల. హైదరాబాద్ దవాఖానల పోయిండనుకోండ్రి, నమోదు అయ్యేది ఆడనే, మన ఊర్ల గాదు, అందుకని శవాన్ని తీస్కొచ్చేటప్పుడే దవాఖాన కాగితంల పేరు సరిగ రాసిండ్రా లేదా చూస్కోండ్రి. ఊర్ల అందరు ఎల్లమ్మ అంటరు, ఆధార్ల ఎల్లవ్వ అని ఉంటది, సర్టిఫికెట్ల ఎల్లమ్మ అని పడ్తది, ఇగ బ్యాంకోళ్లు మేము ఇయ్యమంటరు. ఆధార్ కార్డు ముందు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం చూసి రాయించుండ్రి.

ఆ ఒక్క కాగితంతోనే మిగిలినయన్ని నడుస్తయి. రైతుకు పట్టా ఉండి వయసు 18 నుంచి 59 మధ్యల ఉంటే రైతుబీమా, ఎల్ఐసీ ద్వారా 5 లక్షలు, నామినీ ఆధార్, బ్యాంకు బుక్కు తీస్కొని ఊరి ఏఈవోను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని, కలవాలె, ఇది 2018 నుంచి నడుస్తుంది. భూమి ఫౌతి, అంటే పోయినాయన భూమి వారసుల పేరు మీదికి మార్పించుకునుడు గూడ దాంతోనే. ఆసరా పెన్షన్ తీసుకునే పెద్దమనిషి పోతే సెక్రటరీకి చెప్పుండ్రి, ఆయన పేరు మీద పైసలు పడుకుంట పోతే తర్వాత వాపస్ అడుగుతరు. ఇంటామె వితంతు పెన్షన్ దరఖాస్తు గూడ అదే రోజు ఆడనే అడిగి ఇచ్చి రావచ్చు.