బుంగ వేరు, గండి వేరు

వేదిక మీద పెద్దలకి, కింద కుర్చీల్లో ఉన్న అంతకన్నా పెద్దలకి నమస్కారం అండి. నన్ను పది నిమిషాలే మాట్లాడమన్నారు, అందులో మూడు శాలువాలకే పోయినయ్, సరే.

ఇయ్యాల ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. జనం నోట్లో ఉన్న తెలుగే రాయమని పోట్లాడిన మనిషి. ఆయన గురించి మాస్టారు బ్రహ్మాండంగా చెప్పారు, ఇంక నేను చెప్పేదేం లేదు. నేను కాలవ మీద లస్కరుగా, అంటే కట్టకీ నీళ్ళకీ కాపలా చూసే మనిషిగా, చేసి రిటైరైనవాణ్ణి, పద్యాలు రావు, కట్ట మీద మేం వాడుకున్న మాటలొచ్చు. వాటిల్లో రెండు చెప్పి దిగిపోతా. బుంగ, గండి. టీవీవాళ్ళు రెండిట్నీ కలిపేసి గండి అంటారు, అది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుద్ది.

బుంగ అంటే కట్ట కడుపులో పడే బెజ్జం అండి. పైన కట్ట శుభ్రంగా ఉంటది, దాని మీద మీరు సైకిల్ తొక్కుకుంటా పోవచ్చు, కింద మాత్రం నీళ్ళు అవతలికి పోతా ఉంటయ్. ఎలకలు తవ్వుతయ్, ఎండ్రకాయలు తవ్వుతయ్, చెట్టు కొట్టేసి మొదలు వదిలేస్తే ఆ వేరు కుళ్ళి దారి చేసుద్ది. గండి అంటే ఇంక కట్టే లేదు, పై నుంచి అడుగు దాకా తెగిపోయింది. ఇంకో తేడా చూడండి, గండి పడుద్ది, గండి కొడతారు కూడా. చివరి భూములోళ్ళు నీళ్ళందక రాత్రిపూట గండి కొట్టిన కాలాలు మా సర్వీసులో ఉన్నయ్. బుంగ కొట్టారని ఎప్పుడన్నా విన్నారా? అది పడాల్సిందే. కడపవైపు పోతే గండికోట ఉంది, పెన్న కొండని కోసుకుని పోయిన చోటు, అక్కడ గండిది ఎంత దర్జా! పేపర్లో కూడా ఖజానాకి గండి అనే రాస్తారు, ఖజానాకి బుంగ అని ఎవడూ రాయడు, అసలు పడేది బుంగే అయినా. (నవ్వకండమ్మా, బుంగమూతి సంగతి కాదు నేను చెప్పేది, ఆ బుంగ కుండ.)

కట్ట కింద చెమ్మ కనపడగానే కంగారు పడక్కర్లేదు. వచ్చే నీళ్ళు తేటగా ఉంటే అది ఊట, ఉండనీ, కాస్త కన్నేసి ఉంచితే చాలు. అదే నీళ్ళు టీ రంగులోకి తిరిగినయ్యంటే కట్టలో మట్టి కొట్టుకొస్తందని అర్థం. అప్పుడు చాలామంది చేసే పనేంటంటే బయట నీళ్ళు వచ్చేచోట బస్తా పెట్టి తొక్కుతారు. అక్కడ ఆగదండి, పక్కన ఇంకోచోట లేస్తది. నీళ్ళవైపుకి పోయి నోరు ఎక్కడుందో చూడాలి, చిన్న సుడి తిరుగుతా ఉంటది, కనపడకపోతే గుప్పెడు ఊక చల్లితే ఎక్కడికి లాగితే అదే నోరు. అక్కడ గడ్డిమోపులు, మట్టిబస్తాలు దింపాలి. బయటివైపు బస్తాలతో గుండ్రంగా కట్టి నీళ్ళు నిలబెట్టాలి, ఆ నీళ్ళు లేచేకొద్దీ లోపల్నుంచి వచ్చే పోటు తగ్గుద్ది. నలుగురు మనుషులు, ఒక రాత్రి. అంతే ఖర్చు.

ఈ మాట ఎందుకు గుండెల్లో పెట్టుకు తిరుగుతున్నానో చెప్తా. ఏ కాలవో, ఏ ఆఫీసో చెప్పను. ఒకసారి ముసురు పట్టిన రాత్రి టార్చిలైటుతో కట్ట మీద పోతా ఉంటే కింద పొలంలో గడ్డి కదుల్తా కనపడింది. దిగి చేత్తో నీళ్ళు పట్టి లైటేసి చూస్తే అరచేతిలో ఒండు. ఊళ్ళోకి పరిగెత్తి ఫోన్ చేశా, "సార్, బుంగ పడింది, బస్తాలు కావాలి" అన్నా. అవతల్నుంచి "గండి పడిందా?" అన్నారు. లేదు సార్ బుంగ అన్నా. "గండి పడితే చెప్పు" అని పెట్టేశారు. నేనూ, ఒక రైతూ, ఆయన కొడుకూ ముగ్గురం గడ్డి తొక్కుకుంటా కూర్చున్నాం. తెల్లారేసరికి కట్ట కూలింది. అప్పుడు జీపులొచ్చినయ్, సర్వి బాదులొచ్చినయ్, ఇసక లారీలొచ్చినయ్, ఫొటోలోళ్ళొచ్చారు. రిపోర్టులో ఏం రాశారో తెలుసా, భారీ వర్షాల వల్ల గండి పడింది అని. నా బుంగ ఆ కాయితంలో లేదు! ఎంత వెతికినా లేదు. బుంగ అని రాస్తే ఎప్పుడు తెలిసింది, ఎవరికి చెప్పారు, ఏం చేశారు అని అడుగుతారు గదా. గండి అని రాస్తే వానదే తప్పు.

2024 సెప్టెంబర్ 1, మన విజయవాడ మునిగిన రోజు, మీకు నేను చెప్పాలా? ఈ హాల్లోనే నీళ్ళున్నయ్. మా ఇంట్లో ముందు బాత్రూం తూములోంచి బొద్దింకలు పైకొచ్చినయ్, వాటి వెనకాలే నీళ్ళొచ్చినయ్, బయటికి పోవాల్సిన తూము లోపలికి తోడింది. బుడమేరు వాగు నీళ్ళని మళ్ళించే కాలవకి మూడు గండ్లు పడ్డయ్. ఆ కాలవ ప్రకాశం బారేజీకి ఎగువన కృష్ణలో కలవాలి, కృష్ణే నిండుగా ఉంటే బుడమేరు ఎటు పోద్ది? మర్నాడు బారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009లో వచ్చిన 11.10 లక్షల కంటే ఎక్కువ, 70 గేట్లూ ఎత్తినా ఒరుసుకుంటా పోయింది. కట్ట పొర్లినా గండే పడుద్దండి, అది వేరే దారి, నేను కాదనట్లా. మిలటరీవాళ్ళొచ్చి ఇనప వైరు బుట్టల్లో రాళ్ళు నింపి పూడ్చారు, వాళ్ళకి దండం. తర్వాత కింద ఇంటికి 25 వేలు, పై ఇంటికి 10 వేలు ఇచ్చారు, అందులో ఎవరికొచ్చింది ఎవరికి రాలేదు అనేది మొదలుపెడితే మీరంతా లేచి నాకంటే ఎక్కువ మాట్లాడతారు, ఆపేస్తా.

ప్రెసిడెంటు గారు వాచీ చూస్తున్నారు, ఒక్క నిమిషం సార్. మన వైపు కట్ట మీద తుమ్మలు నరికి మొదళ్ళు అలాగే వదిలేశారు, వానలు ఇంకా అయిపోలా. దానికి కుర్రాళ్ళు అర్జీ రాశారు, బాగా రాశారు, కాకపోతే "రంధ్రములు ఏర్పడు అవకాశము కలదు" అని రాశారు. ఏంటయ్యా అది? గిడుగు గారి పుట్టినరోజునాడు! అది కొట్టేసి "బుంగలు పడతయ్" అని రాయండి, కింద ఇయ్యాల్టి తేదీ వేయండి, అందిందని స్టాంపు కొట్టించి ఒక కాపీ మన దగ్గర పెట్టుకోండి. సంతకాల పేపరు వెనక వరసలో పచ్చ చున్నీ అమ్మాయి దగ్గరుంది, టిఫినుకి పోయేముందు అటు తిరగండి.