రక్తం తక్కువైన పిల్లను ఏమేం అడగాలి

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చిన అమ్మలకు, జూనియర్ కాలేజీ లెక్చరర్లకు ముందుగా ఒక మాట. "పిల్లకు రక్తం తక్కువ" అని రిపోర్టు రాగానే మన ఇళ్ళలో బీట్‌రూట్ జ్యూసు, దానిమ్మ గింజలు మొదలవుతాయి. ఎందుకు తగ్గిందని అడిగేవాళ్ళు తక్కువ. రక్తం పట్టడానికి కావాల్సిన ఇనుము వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, దానిమ్మలో ఇంకా తక్కువ. ఆ డబ్బు, ఆ ఓపిక వేరేచోట పెట్టాలి.

పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములు ఉండాలి. 11 నుంచి 11.9 వరకు స్వల్ప రక్తహీనత, 8 నుంచి 10.9 మధ్యస్థం, 8 లోపు తీవ్రం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో రక్తహీనత 64.7 శాతం. ఆ సర్వేలో వేలికొస నుంచి చుక్క తీశారు. చుక్క రాలేదని వేలు పిండితే ఒంట్లోని నీరు కలిసి లెక్క తక్కువగా చూపే ప్రమాదం ఉంది. నరం నుంచి రక్తం తీసి చేసిన 2016-18 సర్వేలో దేశం మొత్తం మీద కౌమార బాలికల్లో 40 శాతం, బాలురలో 18 శాతం అని తేలింది. కాబట్టి క్యాంపులో వేలి పరీక్షలో తక్కువ వస్తే నరం రక్తంతో సి.బి.పి. (రక్తకణాల పూర్తి లెక్క) చేయించి ఖాయం చేసుకోండి. బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబులో ఉచితంగా చేస్తారు.

40కీ 18కీ మధ్య ఉన్న ఆ తేడా చూడండి. ఒకే ఇల్లు, ఒకే కుండలో అన్నం. తమ్ముడికి లేని ఖర్చు అక్కకు నెలనెలా ఉంది.

మామూలు నెలసరిలో పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ పోతున్నట్టే. మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది, అంటే 80కి దాదాపు 40 మిల్లీగ్రాములు. మన పప్పన్నంలోని ఇనుములో ఒంటికి పట్టేది వందలో పది పాళ్ళ లోపే. పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్ళు అండం సరిగా విడుదల కాక నెలసరి తప్పడం, వచ్చినప్పుడు విరగబడి రావడం మామూలే. దాన్ని "వయసు, సర్దుకుంటుంది" అని వదిలేస్తే ఆ రెండేళ్ళలోనే ఒంట్లోని ఇనుము నిల్వలు ఖాళీ అవుతాయి. పైగా ఎత్తు పెరిగే వయసు, ఒంట్లో రక్తం పరిమాణం కూడా పెరగాలి.

ఎన్ని ప్యాడ్లు మార్చావని అడిగితే సరైన జవాబు రాదు. కాలేజీ బాత్రూములో నీళ్ళు లేక పొద్దున పెట్టుకున్న ప్యాడే సాయంత్రం దాకా ఉంచుకునే పిల్ల "రెండు" అంటుంది. ఇలా అడగండి. రాత్రి మధ్యలో లేచి మార్చుకోవాల్సి వస్తోందా? ఒకదాని మీద ఒకటి రెండు పెట్టుకుంటున్నావా? రూపాయి బిళ్ళంత గడ్డలు పడుతున్నాయా? ఏడు రోజులు దాటుతోందా? ఒక్కదానికి అవునన్నా గైనకాలజిస్టుకు చూపించాలి. చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి కూడా తరచూ రక్తం వస్తుంటే, లేదా మొట్టమొదటి నెలసరి నుంచే ఇలా ఉంటే, రక్తం గడ్డకట్టే గుణంలో పుట్టుకతో లోపం ఉందేమో పరీక్షించాలి. ఆ లోపం ఉన్న పిల్లకు ఇనుము మాత్రలు ఎన్ని ఇచ్చినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

పిల్ల బలపాలు, పచ్చి బియ్యం, మట్టి తింటుంటే తిట్టకండి. ఇనుము తగ్గినప్పుడు పుట్టే కోరిక అది. చాలామందిలో నిల్వలు నిండగానే పోతుంది. పుస్తకం ముందు కునుకు, మెట్లెక్కితే ఆయాసం కూడా అక్కడివే. వాటికి బద్ధకమని పేరు పెట్టడం అన్యాయం.

ఇక తిండి. 13-15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు. పెద్దమనిషి అయినప్పుడు పదకొండు రోజులు నువ్వులు, బెల్లం దంచిన ముద్దలు తినిపిస్తాం, పన్నెండో రోజు నుంచి ఆపేస్తాం. అవసరం మొదలయ్యేది ఆ రోజు నుంచే. నువ్వులు, సజ్జలు, తోటకూర వారంలో రెండుసార్లైనా పడాలి; మాంసం తినే ఇళ్ళలో కీమా, కార్జం కూడా. ఆదివారం కూరలో ముక్కలు మగవాళ్ళ కంచాల్లోకి, పులుసు పిల్ల కంచంలోకి పోతే ఆ వంట ఆమెకు పనికిరాలేదు.

హైదరాబాదులో అసలు చిక్కు చాయ్. ఏడింటికల్లా కాలేజీ బస్సు ఎక్కే పిల్ల చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో టిఫిన్ అయిందనిపిస్తుంది. అన్నంతో పాటు గాని, తిన్న వెంటనే గాని చాయ్ తాగితే అందులోని వగరు పదార్థాలు ఇనుమును పట్టేసి పేగు లోపలికి పోనివ్వవు. గంట ఎడం ఉంచితే చాలు. పప్పు దించాక, పొయ్యి మీద కాకుండా కంచంలో నిమ్మకాయ పిండండి. వేడికి విటమిన్ సి పోతుంది. తిన్నాక జామకాయ సగం ముక్క ఉన్నా మేలే.

నులిపురుగుల మాట క్లుప్తంగా. కొంకిపురుగు పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతుంది. ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇచ్చే 400 మిల్లీగ్రాముల నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ మానకండి.

రిపోర్టులో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మూసేయకండి. ఎం.సి.వి. (ఎర్రకణం సగటు పరిమాణం) 80 లోపు ఉంటే దాన్ని ఎర్రకణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగించండి. ఉదాహరణకు 65ను 5.8తో భాగిస్తే సుమారు 11 వస్తుంది. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా (తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) వాహకురాలేమో అని అనుమానించాలి, హెచ్.బి.ఏ.2 అనే రక్తపరీక్షతో తేలుతుంది. వాహకురాలు కావడం జబ్బు కాదు, కానీ ఇనుము మాత్రలతో సరికాదు. పెళ్ళినాటికి తెలిసి ఉండాలి, భర్త కూడా వాహకుడైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగోవంతు. ఎం.సి.వి. వందకు పైన ఉంటే బి12, ఫోలేట్ విటమిన్లు తగ్గాయేమో చూడాలి, ముఖ్యంగా శాకాహారుల ఇళ్ళలో.

కౌమార పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలో తయారుచేసిన బృందానికి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రక్తహీనత లేని పిల్లకు వారానికి ఒకటి. 8కీ 12కీ మధ్య ఉంటే రక్తహీనత నివారణ జాతీయ కార్యక్రమం ప్రకారం రోజుకు రెండు, మూడు నెలలు, డాక్టరు చెప్పినట్టు. 8 లోపైతే ఆసుపత్రికే.

కాలేజీల్లో ఈ మాత్ర ఎక్కడ చెడుతుందంటే, ఖాళీ కడుపుతో మింగిస్తారు. ఒక పిల్ల వాంతి చేసుకుంటుంది, మర్నాటికి క్లాసంతా మానేస్తుంది. భోజనం అయ్యాక ఇవ్వండి. పాలతో, కాల్షియం మాత్రతో, గ్యాస్ మందుతో కలిపి వద్దు. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే భయపడి ఆపేస్తారు. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్ర వేసుకుంటోందా, చాయ్‌తో మింగుతోందా, నెలసరి ఎలా ఉందో మళ్ళీ అడిగి డాక్టరు దగ్గరకు పంపండి. 12 అందుకోగానే ఆపకండి. నిల్వలు నిండటానికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది.