పేనుబంకను ఏ కుటుంబంలో చేర్చాలి?

మిత్రులారా, నమస్కారం.

పత్తి ఆకు అడుగున పట్టే పేనుబంక మీకు తెలిసిందే. ఒకే ఆకు మీద రెక్కలున్నవీ లేనివీ, పసుపువీ ముదురాకుపచ్చవీ కనిపిస్తాయి. చూసినవాళ్లు నాలుగు రకాలనుకుంటారు. అన్నీ ఒకే జాతి, ఏఫిస్ గాసిపై. చాలాసార్లు ఒకే తల్లి సంతానం. గుంపు కిక్కిరిసినా, ఆకులో పస తగ్గినా రెక్కల పిల్లలు పుడతాయి. అందుకే ఈ పురుగుల్లో పైరూపం చూసి జాతి తేల్చేయడం ప్రమాదం.

ఏఫిస్ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకి, 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టాడు. పేనుబంకల్లో ఇప్పటికి సుమారు 5,000 జాతులు తెలిశాయి. వర్గీకరణలో వీటి క్రమం, అంటే పెద్ద గుంపు, హెమిప్టెరా; అందులోని చిన్న గుంపు, ఉపక్రమం, స్టెర్నోరింకా. ఈ ఉపక్రమంలో తొండం ముందుకాళ్ల మొదళ్ల మధ్య నుంచి వచ్చినట్టుంటుంది. తెల్లదోమ, పిండినల్లి, పొలుసు పురుగులు కూడా ఇందులోవే. వరి సుడిదోమ, పత్తి పచ్చదోమ వేరే ఉపక్రమం. ఎర్రనల్లి అయితే కీటకమే కాదు, పెద్దదానికి ఎనిమిది కాళ్లు. కీటకాల కోసం చేసిన మందులు చాలావరకు దానిమీద పనిచేయవు.

పేరు తేల్చడం ఎంత పని చేస్తుందో ఫ్రాన్సు ద్రాక్షతోటలు చూపించాయి. 1860లలో అక్కడ తీగలు ఎండిపోసాగాయి. కారణం తెలియక రైతులు అల్లాడారు. 1868లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ప్లాంషాన్, ఆయన సహచరులు వేళ్లు తవ్వి చూస్తే పసుపు రంగు చిన్న పురుగులు దొరికాయి. అమెరికాలో ద్రాక్ష ఆకుల మీద బుడిపెలు కట్టే పురుగును 1855లోనే అక్కడి కీటక శాస్త్రవేత్త ఫిచ్ వర్ణించాడు. ఒకటి ఆకు మీద, ఒకటి వేరు మీద, పేర్లూ వేరు. రెండూ ఒకటేనని నిలబెట్టినవారిలో ముఖ్యుడు అమెరికాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త చార్లెస్ రైలీ. అంటే పురుగు అమెరికా నుంచే వచ్చింది. దానితో కలిసి బతికిన అక్కడి తీగల వేళ్లు దాన్ని తట్టుకుంటాయి. ఆ వేరుమొక్కల మీద ఐరోపా ద్రాక్షను అంటుకట్టి తోటలు నిలబెట్టుకున్నారు. నా దృష్టిలో వర్గీకరణ శాస్త్రం రైతుకు చేసిన గొప్ప మేళ్లలో ఇదొకటి.

ఆ పురుగు, ఫిలోక్సెరా, పేనుబంకలకు దగ్గరి చుట్టమే కానీ కుటుంబం వేరు. అసలు పేనుబంకల్లో మగతోడు లేని ఆడపురుగులు పిల్లలను కంటాయి. ఫిలోక్సెరా ఎప్పుడూ గుడ్లే పెడుతుంది. పేనుబంకల్లో ఎక్కువ జాతులకు పొట్ట వెనక రెండు చిన్న గొట్టాలుంటాయి, దీనికి లేవు. జాతి తేల్చేటప్పుడు ఆ గొట్టాల పొడవు, రంగు, వాటి మధ్యనున్న తోక ఆకారం, మీసాల కణుపులు చూస్తాం.

ఇంకో చిక్కుంది. కలిసి పిల్లల్ని కనగలిగినవే ఒక జాతి అని పుస్తకం చెబుతుంది. మన వేడి ప్రాంతాల్లో ఏఫిస్ గాసిపై దాదాపుగా ఆడవాటితోనే తరాలు నడుపుతుంది. అక్కడ ఆ నిర్వచనం నిలవదు. శరీర లక్షణాలు, బతికే మొక్క, డీఎన్ఏ, మూడూ కలిపి చూడాలి.

కాబట్టి పొలానికి వెళ్లినప్పుడు ఒక్క పురుగు తేవద్దు. రెక్కలున్నవీ లేనివీ కలిపి ఆల్కహాలు సీసాలో వేయండి. ఏ మొక్క మీద, ఏ భాగంలో, ఏ తేదీన దొరికాయో పెన్సిలుతో చీటీ రాసి సీసాలోనే పెట్టండి.