కొలరాడోలో కంకర గుంత తాగిన నీళ్లని నదికి తిరిగి కట్టే లెక్క

హాయ్ అండీ, నమస్కారం. ఎక్సెల్ ఓపెన్ చేసేముందు ఒక్క మాట. ఎండాకాలం ఏరు ఎండిపోతే మన ఊళ్లల్లో ఇసుకలో చెలమ తీస్తారు కదా, రెండడుగులు తవ్వగానే నీళ్లు ఊరతాయి, ఆ నీళ్లు ఎవరివీ అని ఎవరూ అడగరు, బిందె తెచ్చుకున్నవాళ్లవే. అదే చెలమని 20 ఎకరాల్లో, 30 అడుగుల లోతున, డెన్వర్ దాటాక సౌత్ ప్లాట్ నది పక్కన తవ్వారనుకోండి, అప్పుడు అడుగుతారు, అడగడమే కాదు బిల్లు కూడా వేస్తారు, అదీ నీళ్లలోనే కట్టాలి.

ఇక్కడ గ్రావెల్ పిట్ అంటే అంతే అండీ, పెద్ద చెలమ. డెన్వర్ నుంచి గ్రీలీ వైపు నది వెంబడి ఇలాంటివి వరసగా కనిపిస్తాయి, కాంక్రీట్‌కి కావాల్సిన కంకరంతా ఆ నది పాత ఒండ్రులోనే ఉంది మరి. తవ్వుతూ తవ్వుతూ భూగర్భజలం మట్టం దాటగానే నీళ్లు బయటపడతాయి, చెరువు తయారవుతుంది, దానిమీద ఎండ పడుతుంది. ఆ ఊట నీరు మెల్లగా నదిలోకి పోయే నీరు, కాబట్టి ఆవిరైపోయిందంతా నదికి తగ్గినట్టే లెక్క. 1988లో త్రీ బెల్స్ రాంచ్ కేసులో కొలరాడో సుప్రీంకోర్టు ఇలా నీళ్లు తేలిన గుంత కూడా బావే అని తేల్చేసింది. బావి అంటే పర్మిట్ కావాలి, నదికి తగ్గిన నీళ్లు తిరిగి పెట్టాలి. 1980 డిసెంబర్ 31కి ముందే నీళ్లు తేలిన పాత గుంతలకి మాత్రం ఆవిరి లెక్క మాఫీ, మన గుంత కొత్తది కాబట్టి ఆ ఆశ వదిలేయండి.

ఇంత పట్టింపు ఎందుకంటే ఇక్కడ ముందొచ్చినవాడిదే ముందు హక్కు, 1876 రాజ్యాంగంలోనే ఉంది ఆ మాట. సౌత్ ప్లాట్ మీద 1860ల నాటి కాలవల హక్కులున్నాయి, వాళ్లకి నీళ్లు తక్కువైతే నది మీద కాల్ పెడతారు, అంటే వెనకొచ్చినవాళ్లంతా ఆపేయాలి. పంపు అయితే స్విచ్ కట్టేస్తాం, ఎండని ఎక్కడ ఆపుతాం? అందుకే వేరే నీళ్లు కొని నదిలో పెట్టాలి. ఆ నీళ్లు ఎక్కువగా ఎక్కడివంటే రైతులవి. మన దగ్గర ఆయకట్టు నీళ్లు పొలంతోనే ఉంటాయి కదా, ఇక్కడ నీటి హక్కు విడి ఆస్తి, డిచ్ కంపెనీలో, అంటే కాలవ నడిపే కంపెనీలో, షేర్లుగా ఉంటుంది, పొలం అమ్మకుండా షేర్లు మాత్రం అమ్ముకోవచ్చు.

సరే, షీట్‌లోకి వెళ్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి, మీ సైట్‌కి మీ అంకెలు వేసుకోండి.

మొదటి కాలమ్ ఆవిరి. ఏడాదికి 42 అంగుళాలు అనుకుందాం, అంటే మూడున్నర అడుగులు, 20 ఎకరాలకి 70 ఎకర్ ఫీట్. ఒక ఎకర్ ఫుట్ అంటే ఎకరం నేల మీద అడుగు ఎత్తు నీళ్లు, సుమారు 12.3 లక్షల లీటర్లు. ఇందులోంచి వానకి క్రెడిట్ ఇస్తారు, అది ఒక అడుగు అనుకుంటే 20 పోతుంది, నికరంగా 50. దీన్ని 12 నెలలకీ సమానంగా పంచేయకండి ప్లీజ్, ఇక్కడ నీటి హక్కులు చూసే స్టేట్ ఇంజనీర్ ఆఫీసు వాడే పంపిణీ ఉంది, 6,500 అడుగుల కంటే కింద ఉన్న సైట్లకి జులైకి 15 శాతం, డిసెంబర్‌కి 3 శాతం, అలా. గ్రాస్ ఆవిరే, అంటే వాన క్రెడిట్ తీయకముందు 70నే చూస్తే జులైలో 10.5, డిసెంబర్‌లో 2.1.

రెండో కాలమ్ చాలామంది మర్చిపోయేది, కంకరతోపాటు లారీ ఎక్కి వెళ్లిపోయే తడి. కడిగిన కంకరకి మామూలుగా బరువులో 4 శాతం వేస్తారు. మూడు లక్షల టన్నులు అమ్మితే 12,000 టన్నుల నీళ్లు, ఇక్కడి టన్నుల్లో ఎకర్ ఫుట్ బరువు సుమారు 1,359, అంటే దాదాపు 9 ఎకర్ ఫీట్ లారీల్లోనే పోయింది. దుమ్ము లేవకుండా రోడ్ల మీద చల్లేదానికి ఇంకో 5 వేయండి. మొత్తం 64.

ఇప్పుడు షేర్లు. ఒక షేరుకి పొలం తూము దగ్గర ఏడాదికి 10 ఎకర్ ఫీట్ వచ్చేదనుకుందాం. ఆ పదీ మనవి కావు! ఆ పదిలో పంట తాగింది, అంటే మొక్క పీల్చి గాల్లోకి వదిలింది, అది మాత్రమే మనం కొన్నట్టు. అది 5 అనుకుంటే మిగతా 5 పొలం చివర నుంచో భూమిలోంచో మళ్లీ నదికి చేరేది, దాని మీద ఆధారపడి కింద ఇంకో రైతు ఉన్నాడు. అది వాడుకుంటే వాడి నోటి దగ్గరది లాక్కున్నట్టే. నా మొదటి ఉద్యోగంలో నేను పదికి పది వేసేశాను, మా సీనియర్ షీట్ చూసి నవ్వాడు తప్ప ఏమీ అనలేదు, ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

64 ని 5తో భాగిస్తే 13 షేర్లు, 65 వస్తుంది, హమ్మయ్య అయిపోయింది అనుకుంటారు. అవ్వలేదు. ఏడాది మొత్తం సరిపోతే చాలదు, నది నెలనెలా చూస్తుంది, కాల్ ఉన్న రోజు ఆ రోజుకి చూస్తుంది. కాలవ ఏప్రిల్‌లో వదిలి అక్టోబర్‌లో కట్టేస్తారు, నవంబర్ నుంచి మార్చి దాకా షేర్ల మీద సున్నా. గుంత మాత్రం చలికాలంలోనూ ఆవిరవుతూనే ఉంటుంది, ఆ ఐదు నెలల శాతాలు కలిపితే 19, గ్రాస్‌లో 13.3 ఎకర్ ఫీట్. పైగా గుంత నదికి దూరంగా ఉంటే జులైలో ఆవిరైనదాని దెబ్బ నదికి నెలల తర్వాత తగులుతుంది, దాన్ని గ్లోవర్ అనే పద్ధతిలో తర్వాతి నెలలకి జరిపి లెక్కేస్తారు, కొలరాడో స్టేట్ యూనివర్సిటీవాళ్ల అవాస్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేసిపెడుతుంది. ఇంకో తిరకాసు, ఆ పొలంలో వేసవిలో ఇంకిన నీరు ఒకప్పుడు డిసెంబర్‌లో నదికి చేరేది కదా, షేర్ల నీళ్లు నదికి పెడుతున్నారు కాబట్టి మీరు పొలం ఎండబెట్టేశారు, ఇప్పుడు అదీ రాదు, అదీ మీరే పెట్టాలి. అంటే షేర్లు కొన్నందుకు చలికాలం అప్పు తగ్గలేదు, పెరిగింది.

మరి చలికాలం నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? ఒకటి, ఏదైనా సిటీ దగ్గర మళ్లీ వాడుకునే హక్కున్న మురుగుశుద్ధి నీళ్లు లీజుకి తీసుకోవడం. రెండోది నాకు నచ్చేది, తవ్వేసిన పాత గుంత చుట్టూ నీళ్లు పోనివ్వని బెంటొనైట్ మట్టితో కింద రాతిపొర దాకా గోడ దించేస్తారు, బయటి ఊట లోపలికి రాదు, గుంత రిజర్వాయర్ అయిపోతుంది. వేసవి షేర్ల నీళ్లు అందులో దాచి డిసెంబర్‌లో వదలొచ్చు. డెన్వర్, థోర్న్‌టన్ లాంటి సిటీలకి కూడా ఇలాంటి గుంతల్లో స్టోరేజ్ ఉంది.

పొలం ఎండబెట్టడం గురించి ఒక్క నిమిషం. తూము మూసేస్తే అయిపోదు. అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం వేసిన పొలమైతే దాని వేర్లు లోతుకెళ్లి ఊట నీళ్లు తాగుతూనే ఉంటాయి, పైకి పచ్చగా కనిపించిందంటే మీ క్రెడిట్ కోసేస్తారు. దున్నేయాలి లేదా మందు కొట్టి చంపాలి, ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి.

పేపర్ల పని తొందరగా చెప్పేస్తా. తవ్వుతున్నప్పుడు నదికి నీళ్లు ఎలా తిరిగి పెడతారో చెప్పే తాత్కాలిక ప్లాన్‌కి స్టేట్ ఇంజనీర్ దగ్గర అనుమతి తీసుకుంటారు, దాన్ని ఎప్పటికప్పుడు రెన్యూ చేయించాలి. కంకర అయిపోయి కంపెనీ వెళ్లిపోయినా చెరువు అలాగే ఉంటుంది, ఆవిరి ఆగదు, కాబట్టి చివరికి గుంత పూడ్చడమో, గోడ కట్టడమో, లేదంటే వాటర్ కోర్టులో పర్మనెంట్ ఆగ్మెంటేషన్ ప్లాన్, అంటే అదే నీళ్లు తిరిగి పెట్టే ప్లాన్ శాశ్వతంగా, తెచ్చుకోవడమో, మూడింట్లో ఒకటి చేయాలి. సౌత్ ప్లాట్ వాళ్ల కోర్టు గ్రీలీలో.

మళ్లీ షీట్ చూడండి, కుడివైపు చివరి కాలమ్, పెట్టిన నీళ్లలోంచి బాకీ తీసేస్తే మిగిలింది. జూన్‌లో ప్లస్ 4 వచ్చిందని సంతోషపడకండి, దాన్ని ఎక్కడా దాచుకోకపోతే అది నదిలో కలిసి నెబ్రాస్కా వైపు పోయినట్టే, జనవరికి పనికిరాదు. ఇక్కడ జనవరి గడి ఎర్రగా మైనస్ 2.6 చూపిస్తోంది చూశారా, అక్కడ ఆ గోడ కట్టిన గుంత నుంచి రిలీజ్ వేసి చూద్దాం... 2.6, ఎంటర్... ఆ, సున్నా అయింది. ఫిబ్రవరికి కూడా ఇలాగే వేసి సేవ్ చేసుకోండి.